వేప్ మౌత్‌పీస్, పెదవి మంట: అసలు తప్పు ఎక్కడుంది?

వేప్ (ఇ-సిగరెట్) వాడేవాళ్లకు పెదవులు మండటం, నోరు ఎండిపోవడం, అంగిలి ఒరుసుకుపోయినట్టు అనిపించడం కొత్త సంగతులు కావు. అలా జరిగినప్పుడు చాలామంది మొదట ఫ్లేవర్ మారుస్తారు. తర్వాత నికోటిన్ మోతాదు తగ్గిస్తారు. కొందరు కంపెనీనే మార్చేస్తారు. ఇన్ని మార్చినా, రోజూ వందసార్లకు పైగా పెదవుల మధ్య పెట్టుకునే ఆ చిన్న గొట్టం దేంతో చేశారన్న అనుమానం మాత్రం ఆఖర్న గానీ రాదు. వచ్చిందంటే మళ్లీ రెండో కొసకు వెళ్లిపోతారు. మంటంతా మౌత్‌పీస్ వల్లే అనుకుని స్టీలుది తీసేసి గాజుది కొంటారు. రెండు రోజులు చూసి, తగ్గలేదని దాన్నీ పక్కన పడేస్తారు.

రెండూ తొందరపాటే. మౌత్‌పీస్‌లోని పదార్థం వల్ల పెదవులు పాడవడం నిజంగా జరిగేదే. అయితే ఆ పదార్థం ఒక్కటే అంత పని చేయడం తక్కువ. వేడి, ఆవిరిగా మారే లిక్విడ్‌లోని రసాయనాలు, ఒరిపిడి, ఎండిన పెదవి తోడైతే తప్ప దాని ప్రభావం పెద్దగా బయటపడదు. ఇందులో దేని వాటా ఎంతో తేల్చాలంటే పెట్టె మీద రాతలు పెద్దగా పనికిరావు. మంట ఎక్కడ మొదలైంది, ఎంతసేపటికి మొదలైంది అన్న రెండు ప్రశ్నలే ఎక్కువ చెబుతాయి.

ఈ విషయం మీద పరిశోధన ఎందుకు పలచగా ఉందో కూడా ముందే చెప్పుకోవాలి. సిగరెట్ మానడానికి వేప్ ఉపయోగపడుతుందా అని జరిగిన ట్రయల్స్‌ను కాక్రేన్ సంస్థ ఎప్పటికప్పుడు సమీక్షిస్తుంది. ఆ సమీక్షల్లో ఎక్కువగా కనిపించే ఇబ్బందులు నోరు లేదా గొంతు మంట, తలనొప్పి, దగ్గు, వికారం. ఇక్కడ నోరు, గొంతు ఒకే గడిలో పడిపోయాయి. గొంతు మంట పీల్చే ఆవిరికి సంబంధించినది. పెదవి మంట ఆవిరి వల్ల కావచ్చు, పట్టుకున్న వస్తువు వల్ల కావచ్చు. రెంటినీ కలిపి ఒక అంకె వేశాక అందులోంచి మౌత్‌పీస్ వాటా బయటికి తీయడం ఎవరి తరమూ కాదు. కాబట్టి ఈ చర్చకు ఆధారాలు వేరేచోట వెతుక్కోవాలి: చర్మవ్యాధుల నిపుణులు రాసిన కేసులు, నగల మీద చేసిన నికెల్ పరిశోధనలు, ప్లాస్టిక్‌ల రసాయనశాస్త్రం.

ఆ గొట్టంలో ఏముంటుంది

లిక్విడ్ నింపుకుని వాడే పరికరాల్లో మౌత్‌పీస్ విడిగా ఊడివస్తుంది. దాన్నే డ్రిప్ టిప్ అంటారు. 510, 810 అని రెండు సైజులు బాగా వాడుకలో ఉన్నాయి. 510 సన్నది, 810 వెడల్పుగా ఉండి ఎక్కువ పొగ వచ్చే పరికరాలకు సరిపోతుంది. ఇవి స్టెయిన్‌లెస్ స్టీల్, ఇత్తడి, అల్యూమినియం, గాజు, ఇంకా డెల్రిన్, అల్టెమ్, టెఫ్లాన్, యాక్రిలిక్ లాంటి ప్లాస్టిక్‌లతో వస్తాయి. పాలరాయిలా, సముద్రపు అలల్లా రంగులు కలిసిపోయి కనిపించే అందమైన టిప్పులు చాలావరకు ఎపాక్సీ రెజిన్‌వి. చిన్న గుళిక మార్చుకునే పాడ్‌లలో, అయిపోగానే పారేసే డిస్పోజబుల్స్‌లో మౌత్‌పీస్ విడిగా రాదు. అది సాధారణంగా పాలీకార్బొనేట్ లేదా పీసీటీజీ అనే గట్టి ప్లాస్టిక్. కొన్నింటి మీద చేతికి మెత్తగా, రబ్బరులా తగిలే పూత వేస్తారు. ఈ తరహా పూతలు చెమటకు, తేమకు కొన్నాళ్లకు జిగురుగా మారతాయి. పాత రిమోట్‌లు, పాత మౌస్‌లు చేతికి అంటుకుంటాయే, అదే సంగతి. రిమోట్‌ను ఎవరూ నోట్లో పెట్టుకోరు.

ఇంకో చిన్న విషయం. లేత్ మీద చెక్కిన ఏ లోహపు ముక్క మీదైనా కోత నూనె మిగిలిపోయే అవకాశం ఉంటుంది. కొత్త టిప్ వాడిన మొదటి రోజే నోట్లో చేదుగా, నూనెగా అనిపించి పెదవి చురుక్కుమంటే పదార్థాన్ని అనుమానించే ముందు గోరువెచ్చని నీళ్లు, గిన్నెల సబ్బుతో కడిగి చూడాలి. కొందరి విషయంలో కథ అక్కడితోనే అయిపోతుంది.

నికెల్ సంగతి

లోహాల్లో అసలు అనుమానితుడు నికెల్. గిల్టు కమ్మలు పెట్టుకుంటే చెవి తమ్మెలు దురదపెట్టి రసి కారడం, జీన్స్ గుండీ తగిలేచోట బొడ్డు కింద నల్లగా మచ్చపడటం, చవక వాచీ చెయిన్ కింద దద్దుర్లు రావడం మన ఇళ్లలో అందరికీ తెలుసు. వీటిలో ఎక్కువ భాగం నికెల్ అలర్జీయే. యూరప్‌లో సాధారణ జనాభాలో పదిమందిలో ఒకరికి పైగా ఈ అలర్జీ ఉంది. చెవులు కుట్టించుకునే ఆడవాళ్లలో మగవాళ్లకన్నా చాలా ఎక్కువ.

ఇది ఘాటైన రసాయనం తగిలినప్పుడు వచ్చే మంట లాంటిది కాదు. రోగనిరోధక వ్యవస్థలోని టి కణాలు నికెల్‌ను ఒకసారి శత్రువుగా గుర్తుపెట్టుకున్నాక, మళ్లీ తగిలిన ప్రతిసారీ ఒకటి రెండు రోజుల తర్వాత ఎరుపు, దురద, చిన్న పొక్కులు తెస్తాయి. ఆ గుర్తు సాధారణంగా జీవితాంతం పోదు. పదేళ్ల వయసులో చెవిపోగుతో మొదలైన అలర్జీ పాతికేళ్లప్పుడు వేప్ పట్టుకున్న పెదవి మీద బయటపడవచ్చు.

మరి స్టీల్ టిప్‌లో నికెల్ ఎంత? వంటింటి గిన్నెల్లో ఎక్కువగా వాడే 304 రకం స్టీల్‌లో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. మరింత మంచిదని చెప్పి అమ్మే 316ఎల్ రకంలో నికెల్ ఇంకా ఎక్కువే, 10 నుంచి 14 శాతం. ఈ అంకెలు చూసి భయపడేవాళ్లు ఒక విషయం మర్చిపోతారు. లోహంలో ఎంత నికెల్ ఉందన్నది ముఖ్యం కాదు, అందులోంచి ఎంత బయటికి వస్తుందన్నదే లెక్క. మంచి స్టీల్ మీద క్రోమియం ఆక్సైడ్ పొర కంటికి కనపడనంత పలచగా కప్పి ఉంటుంది, నికెల్‌ను బాగానే పట్టి ఉంచుతుంది. తెలుగువాళ్లు మూడు పూటలా తినేది స్టీలు కంచాల్లో, తాగేది స్టీలు గ్లాసుల్లో. గిల్టు నగ పడనివాళ్లు కూడా స్టీలు గ్లాసుతో మంచినీళ్లు తాగి పెదవి వాచిందని చెప్పడం అరుదు.

అనుమానించాల్సింది పూత వేసిన లోహాన్ని. తళతళా మెరిసే చవక టిప్‌లు చాలావరకు ఇత్తడి మీద క్రోమ్ పూత వేసినవి. అలంకారానికి వేసే క్రోమ్ పూత నేరుగా ఇత్తడి మీద వేయరు. మధ్యలో నికెల్ పొర వేసి, దాని మీద క్రోమ్ చాలా పలచగా వేస్తారు. పళ్లు తగిలి, జేబులో తాళాలు గీసి ఆ పైపొర అరిగిందంటే పెదవికి తగిలేది నికెలే. ఇంకా అరిగితే ఇత్తడి బయటపడుతుంది. లేత్ మీద తేలిగ్గా తెగడానికి కొన్ని రకాల ఇత్తడిలో మూడు శాతం వరకు సీసం కలుపుతారు. అంచు దగ్గర పసుపు రంగు కనిపిస్తున్న టిప్‌ను ఇంకా వాడుతున్నారంటే దాన్ని పొదుపు అనలేం.

అయస్కాంతం పెట్టి చూసి అసలు స్టీలో కాదో తేల్చుకోవచ్చని ఒక నమ్మకం ఉంది. ఇక్కడ అది తలకిందులుగా పనిచేస్తుంది. అయస్కాంతానికి గట్టిగా అంటుకునే 430 రకం స్టీల్‌లో నికెల్ దాదాపు ఉండదు. అంటుకోని 304లో ఉంటుంది. ఇత్తడి కూడా అంటుకోదు. అంటే నికెల్ పడనివాళ్లకు ‘నాసిరకం’ అని పక్కన పెట్టిన స్టీలే మెరుగు కావచ్చు. తెలుసుకోవడానికి సరైన దారి వేరే ఉంది. డైమిథైల్‌గ్లయాక్సిమ్, అమ్మోనియా ద్రావణాలు చెరో చుక్క దూదిపుల్ల మీద వేసి, లోహాన్ని అర నిమిషం రుద్దాలి. దూది గులాబీ రంగుకు తిరిగితే నికెల్ బయటికి వస్తున్నట్టే. చర్మవ్యాధుల క్లినిక్కుల్లో నగలకు చేసే పరీక్ష ఇదే. రుద్దాక టిప్‌ను శుభ్రంగా కడగాలని వేరే చెప్పక్కర్లేదు.

యూరప్‌లో 1994లో తెచ్చిన నికెల్ నిబంధన ఈ బయటికి వచ్చే మోతాదుకే హద్దు పెట్టింది. చర్మానికి ఎక్కువసేపు తగిలే వస్తువుల నుంచి వారానికి చదరపు సెంటీమీటరుకు 0.5 మైక్రోగ్రాముకు మించి నికెల్ రాకూడదు. చెవిపోగుల్లాంటి, ఒంట్లోకి గుచ్చే వాటికి తర్వాత పెట్టిన హద్దు 0.2. కొలిచే పద్ధతి చూస్తే వేప్‌కు ఇది ఎందుకు సరిపోదో అర్థమవుతుంది. ఉప్పు, లాక్టిక్ యాసిడ్, యూరియా కలిపిన కృత్రిమ చెమటలో వస్తువును 30 డిగ్రీల దగ్గర వారం రోజులు ఉంచి, ఎంత కరిగిందో చూస్తారు. వేప్ టిప్ మీద ఉండేది ఉమ్మి, దాని మీద చల్లారి చేరిన లిక్విడ్ తడి. నికోటిన్ సాల్ట్ లిక్విడ్లలో నికోటిన్‌కు బెంజోయిక్ యాసిడ్ లాంటిది కలుపుతారు, గొంతులో ఘాటు తగ్గడానికి. ఉమ్మిలో క్లోరైడ్, లిక్విడ్‌లో ఆమ్లం, పైన వేడి. ఈ మూడూ లోహం తుప్పు పట్టడాన్ని పెంచేవే.

‘ఎక్కువసేపు తగలడం’ అంటే ఏమిటన్నది మరీ ఆసక్తికరం. రెండు వారాల్లో మూడుసార్లో అంతకన్నా ఎక్కువసార్లో పది నిమిషాలపాటు, లేదా ఒక్కసారైనా అరగంటపాటు తగిలేది అని యూరప్ అధికారులు అర్థం చెప్పారు. వేప్‌ను ఒక్కో దమ్ముకు పెదవుల మధ్య ఉంచేది మూడు నాలుగు సెకన్లు. రోజుకు రెండు వందల దమ్ములు లాగితే మొత్తం పది నిమిషాలు దాటుతుంది, కానీ అన్నీ ముక్కలు ముక్కలుగా. నిబంధన అక్షరాలా చదివితే పెదవికి తగిలే భాగం అందులోకి రాదని వాదించవచ్చు. పరికరాన్ని చేత్తో పట్టుకుని కూర్చునే సమయం మాత్రం తప్పకుండా వస్తుంది. 2015లో ఫ్రాన్స్ వైద్యులు ఇ-సిగరెట్ వల్ల వచ్చిన నికెల్ అలర్జీ కేసు ప్రచురించినప్పుడు దద్దు వచ్చింది చేతుల మీద. అందుకే పెదవి మంటతో వచ్చిన మనిషి వేళ్లు కూడా చూడాలి. బొటనవేలు, చూపుడువేలు పక్కలు పొలుసులు లేచి ఎర్రగా ఉంటే నికెల్ వైపు మొగ్గు బాగా పెరుగుతుంది. వేళ్లు శుభ్రంగా ఉండి పెదవులు మాత్రమే మండుతుంటే వేరే కారణాలు ముందు వెతకాలి.

ప్లాస్టిక్, రెజిన్

లోహం వద్దనుకున్నవాళ్లు ప్లాస్టిక్ వైపు వెళ్తారు. పూర్తిగా గట్టిపడిన ప్లాస్టిక్ పెద్ద పెద్ద అణువుల అల్లిక. అంత పెద్ద అణువు చర్మంలోకి దూరలేదు, అలర్జీ తేలేదు. గొడవంతా అల్లికలో కలవకుండా మిగిలిపోయిన చిన్న అణువులతోనే.

ఎపాక్సీ రెజిన్ ఇందుకు మంచి ఉదాహరణ. రెజిన్, హార్డెనర్ అనే రెండు ద్రవాలు సరైన పాళ్లలో కలిపి, కావలసినంత సమయం, వేడి ఇస్తేనే అది పూర్తిగా గట్టిపడుతుంది. పాళ్లు తప్పినా, తొందరపడి అచ్చులోంచి తీసినా పైకి గట్టిగానే కనిపిస్తుంది, లోపల కలవని రెజిన్ మిగిలి ఉంటుంది. ఎపాక్సీ అలర్జీ పెయింటర్లలో, ఫ్లోరింగ్ పనివాళ్లలో, విమాన భాగాలు తయారుచేసేవాళ్లలో బాగా తెలిసిన జబ్బు. చర్మ నిపుణులు ప్యాచ్ టెస్ట్‌లో (వీపుకు పదార్థాలు అంటించి చేసే అలర్జీ పరీక్షలో) మామూలుగా పెట్టే పదార్థాల్లో ఎపాక్సీ ఎప్పుడూ ఉంటుంది. ఇంట్లోనో చిన్న షెడ్డులోనో చేతితో పోసిన రంగుల టిప్‌లలో ఏది సరిగ్గా ఉడికిందో, ఏది ఉడకలేదో కంటితో చెప్పలేం. వేడి నీళ్లలో వేస్తే ఘాటు వాసన వచ్చినా, గోటితో నొక్కితే గీత పడినా దాన్ని నోటి దగ్గరకు రానివ్వకపోవడమే మంచిది.

యాక్రిలిక్‌దీ దాదాపు ఇదే కథ, అక్కడ మిగిలేది మెథాక్రిలేట్లు. గోళ్లకు జెల్ పాలిష్ వేయించుకున్నాక వేళ్ల చివరలు, కనురెప్పలు వాచినవాళ్లు ఈ జాతి పదార్థాలకు అలర్జీ తెచ్చుకున్నవాళ్లే అయ్యుండవచ్చు. వాళ్లకు పళ్ల డాక్టర్ దగ్గర వేసే కొన్ని ఫిల్లింగులూ పడకపోవచ్చు. పెదవి విషయంలో ఈ చరిత్ర చెప్పకపోతే డాక్టర్ చీకట్లో వెతకాల్సి వస్తుంది.

డెల్రిన్ నల్లగా, నునుపుగా ఉంటుంది, చాలామంది ఇష్టపడేది. దీని పుట్టుకే ఫార్మాల్డిహైడ్‌తో. మామూలు వేడిలో స్థిరంగానే ఉంటుంది. 175 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అతిగా వేడెక్కితే విడిపోయి మళ్లీ ఫార్మాల్డిహైడ్ వదులుతుంది. పెదవి దగ్గర అంత వేడి ఎప్పుడూ ఉండదు. లిక్విడ్‌ను వేడిచేసే తీగచుట్టకు, అంటే కాయిల్‌కు మరీ దగ్గరగా ఉండే పొట్టి టిప్‌ల అడుగు భాగం సంగతి మాత్రం వేరు. అల్టెమ్ అంతకన్నా ఎక్కువ వేడి తట్టుకుంటుంది. అది మెత్తబడటం మొదలయ్యేదే 217 డిగ్రీల దగ్గర. గాజుకు ఈ బాధలేవీ లేవు, పగలడం తప్ప. అంచు లేచిన గాజు టిప్‌తో పెదవి కోసుకోవడం అలర్జీ కన్నా సులువు.

పాలీకార్బొనేట్‌తో ఇంకో చిక్కు ఉంది, ఇది వేప్ వాడేవాళ్లందరికీ తెలిసినదే. దాల్చినచెక్క, నిమ్మ, సోంపు తరహా ఫ్లేవర్లు కొన్ని ప్లాస్టిక్ ట్యాంకుల్లో పోస్తే గోడలు మసకబారి, సన్నని చీలికలు వచ్చి పగిలిపోతాయి. దాల్చినచెక్క ఫ్లేవర్‌లో ఉండే సిన్నమాల్డిహైడ్, నిమ్మ జాతిలో ఉండే లిమోనిన్ ఆ పని చేస్తాయి. ట్యాంకును పగలగొట్టేది అదే ప్లాస్టిక్‌తో చేసిన మౌత్‌పీస్‌ను ఊరికే వదలదు. లోపలి గోడ మీద చీలికలు వస్తాయి, గరుకు పెరుగుతుంది, తడి అందులో చేరుతుంది. ఇక్కడ ప్లాస్టిక్‌ను తిట్టడం అత్త మీద కోపం దుత్త మీద చూపడమే. ఎందుకంటే సిన్నమాల్డిహైడ్ స్వయంగా పేరుమోసిన అలర్జీ పదార్థం. దాల్చినచెక్క చూయింగ్ గమ్, టూత్‌పేస్టులతో నోట్లో పుండ్లు పడటం దంతవైద్యులకు ఏనాటి నుంచో తెలుసు. పగిలిన ప్లాస్టిక్, పూసిన నోరు రెండూ ఒకే ఫ్లేవర్ చేసిన పని కావచ్చు.

రసాయనాల దాకా వెళ్లకుండానే మంట పుట్టించే దోషం ఇంకొకటుంది. అచ్చు పోసిన ప్లాస్టిక్ ముక్కలకు రెండు అచ్చులు కలిసేచోట సన్నని గీత మిగులుతుంది. మంచి ఫ్యాక్టరీలో దాన్ని నునుపు చేస్తారు. చవక డిస్పోజబుల్‌లో అలాగే వదిలేస్తారు. గోటి కొనతో మౌత్‌పీస్ పక్కల అడ్డంగా గీసి చూస్తే టక్కున తగులుతుంది. రోజుకు వందలసార్లు పెదవి లోపలి పలచని చర్మం ఆ గీత మీద రుద్దుకుంటుంది. అద్దంలో చూసుకుంటే పెదవి మీద మంట ఉన్నచోటు, మౌత్‌పీస్ మీద గీత ఉన్నచోటు సరిగ్గా కలుస్తాయి. ఇలాంటి మంటకు అలర్జీ పరీక్షలు ఎన్ని చేసినా అన్నీ నెగటివ్ వస్తాయి.

వేడి వాటా

ఒకే పరికరం, ఒకే లిక్విడ్, టిప్ మారిస్తే మంట మారిందంటే అది ప్రతిసారీ పదార్థం పడకపోవడం వల్ల కాదు. వేడి ప్రసరణలో లోహానికీ ప్లాస్టిక్‌కూ పొంతనే లేదు. స్టెయిన్‌లెస్ స్టీల్ వేడిని అల్టెమ్ లాంటి ప్లాస్టిక్ కన్నా సుమారు 70 రెట్లు ఎక్కువగా మోస్తుంది. ఇత్తడి, అల్యూమినియం స్టీల్ కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. కాయిల్ 200 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. గ్యాప్ లేకుండా ఆరేడు దమ్ములు లాగితే పొట్టి లోహపు టిప్ పెదవిని చురుక్కుమనిపించేంత వేడెక్కుతుంది. ఆ తర్వాత కాయిల్ మీద చేరిన లిక్విడ్ చిట్లి చుక్కలుగా నాలుక మీద, అంగిలి మీద పడుతుంది. అది కాలడమే. అలర్జీ అని పిలవడానికి లేదు.

వేడి అంగిలిని ఏం చేస్తుందో ఉత్తరాంధ్రకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల్లో చుట్ట నిప్పు నోట్లోకి పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు మీద దశాబ్దాల కిందటి నుంచే వైద్య పరిశోధనలు జరిగాయి. అక్కడ ఆడవాళ్లలో అంగిలి తెల్లబడటం, ఎర్రటి చుక్కలు పడటం, క్యాన్సర్ రావడం వేడి, పొగాకు రెండూ కలిసి చేసినవి. వేప్‌లో నిప్పు లేదు, పొగాకు కాలదు కాబట్టి రెంటినీ ఒక గాటన కట్టకూడదు. అంగిలి మీద మార్పు కనిపిస్తే మాత్రం మౌత్‌పీస్ పదార్థం వైపు చూడక్కర్లేదు. ఆ గొట్టం అంగిలిని తాకనే తాకదు. అక్కడికి చేరేది ఆవిరి, వేడి.

ఎవరు చేశారో చెప్పేది మచ్చ

నోటి లోపలి చర్మం పెదవి కన్నా గట్టి పిండం. ఉమ్మి నిరంతరం కడుగుతూ ఉంటుంది, రక్తప్రసరణ ఎక్కువ కాబట్టి తగిలిన పదార్థం అక్కడ నిలవదు. అందుకే నోట్లో అలర్జీ కంటే పెదవి మీద అలర్జీ ఎక్కువ. పెదవి ఎర్రని భాగానికి చెమట గ్రంథులు లేవు, పైపొర పలచన, తేమను పట్టి ఉంచుకోలేదు. మౌత్‌పీస్ నేరమైతే దాని ముద్ర పెదవుల మధ్యభాగంలో, గొట్టం ఆనేచోట, పైనా కిందా దాదాపు ఒకే వెడల్పున కనపడాలి. నోటి లోపలంతా, నాలుక, బుగ్గలు, గొంతు మండుతుంటే ఆవిరిని అనుమానించాలి. పెదవుల రెండు మూలలు చీలి తెల్లగా తడిగా ఉంటే అది చాలాసార్లు ఫంగస్, లేదా పదే పదే నాలుకతో తడుపుకునే అలవాటు.

ఆవిరిలో మొదటి అనుమానం ప్రొపిలీన్ గ్లైకాల్ మీద పడాలి. లిక్విడ్‌లో గ్లిజరిన్‌తో పాటు ఎక్కువ భాగం అదే. తేమను లాక్కునే గుణం రెంటికీ ఉంది, నోరు ఎండటానికి అది చాలు. ఎండిన పెదవిని నాలుకతో తడుపుతాం, ఉమ్మి ఆరాక ఇంకా ఎండుతుంది, పగులుతుంది. పగిలిన పెదవికి ఏ టిప్ తగిలినా మంటే. అమెరికా కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ ఏటా ఒక పదార్థాన్ని ఆ ఏటి అలర్జీ కారకంగా ప్రకటిస్తుంది. 2018లో ఎంచింది ప్రొపిలీన్ గ్లైకాల్‌నే. అది కొన్ని క్రీముల్లో, మందుల్లో కూడా ఉంటుంది కాబట్టి పెదవికి పూసిన మందే మంట పెంచే సందర్భాలూ ఉన్నాయి.

సమయం కూడా సాక్షే. పెట్టుకున్న నిమిషాల్లో మంట వచ్చి, తీసేస్తే గంటల్లో తగ్గితే వేడి, ఒరిపిడి, ఘాటు రసాయనం. ఒకటి రెండు రోజులాగి దురదతో మొదలై, వాడటం ఆపినా వారం పది రోజులు పీడిస్తే అలర్జీ. టిప్ మార్చి రెండు రోజుల్లో తీర్పు చెప్పేవాళ్లు ఇక్కడే పొరపడతారు. అలర్జీ దద్దు సద్దుమణగడానికి రెండు మూడు వారాలు పట్టవచ్చు. ఆ మధ్యలో ఫ్లేవర్, టిప్, లిప్ బామ్, టూత్‌పేస్ట్ అన్నీ ఒకేసారి మారిస్తే తగ్గినా దేనివల్ల తగ్గిందో తేలదు. పుదీనా, దాల్చినచెక్క ఘాటు ఉన్న టూత్‌పేస్ట్, సువాసన లిప్ బామ్, లిప్‌స్టిక్ పెదవి అలర్జీలకు వేప్ కన్నా చాలా పాత కారణాలు. ఫ్లూట్, క్లారినెట్, ట్రంపెట్ వాయించేవాళ్ల పెదవులకు, గడ్డానికి లోహం, రెల్లు తగిలి దద్దు రావడం కూడా చర్మవైద్యంలో ఎప్పుడో నమోదైంది. వాళ్లు రోజూ గంటల తరబడి వాయిస్తారు కాబట్టి అక్కడ పదార్థమే అసలు నిందితుడు. వేప్‌లో తగిలే సమయం సెకన్లలోనే కాబట్టి ఆ కేసులను ఇక్కడికి యథాతథంగా తెచ్చి పెట్టలేం.

ఫుడ్ గ్రేడ్ అంటే?

టిప్ అమ్మేవాళ్లందరూ చెప్పే మాట ఫుడ్ గ్రేడ్ అని. ఆ మాట అబద్ధం కాకపోవచ్చు, అడిగిన ప్రశ్నకు జవాబు మాత్రం కాదు. ప్లాస్టిక్ నుంచి తిండిలోకి ఎంత పదార్థం దిగుతుందన్నది ఫుడ్ గ్రేడ్ పరీక్షలు చూస్తాయి. పెదవి మీద రుద్దితే చర్మం రేగుతుందా, అలర్జీ పుడుతుందా అన్నది వాటి పని కాదు. ఆ ప్రశ్నలు అడిగేది వైద్య పరికరాలకు వాడే ఐఎస్ఓ 10993 ప్రమాణం. అందులో కణాలకు హాని, చర్మం రేగడం, అలర్జీ పుట్టడం వేర్వేరు భాగాలుగా పరీక్షిస్తారు. మెడికల్ గ్రేడ్ అని రాసిన టిప్ విషయంలో కూడా ముడిసరుకు ఆ పరీక్ష దాటిందా, లేక చెక్కి, రంగేసి, పూత పూసిన తుది వస్తువు దాటిందా అని అడగాలి. ముడిసరుకు మంచిదైనా పైన వేసిన రంగు చెడగొట్టవచ్చు.

భారతదేశంలో ఈ ప్రశ్న అడగడానికి ఎదురుగా మనిషే ఉండడు. 2019 సెప్టెంబర్ 18న ఆర్డినెన్స్‌తో మొదలై అదే ఏడాది చట్టమైన నిషేధం ఇ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, పంపిణీ, నిల్వ, ప్రకటన అన్నింటినీ నేరం చేసింది. మొదటిసారి దొరికితే ఏడాది వరకు జైలు, లక్ష వరకు జరిమానా, లేదా రెండూ. నిల్వకు ఆరు నెలల వరకు జైలు లేదా 50 వేల వరకు జరిమానా, లేదా రెండూ. వాడటాన్ని చట్టం నేరుగా నేరమని చెప్పలేదు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో చేతిలో ఉన్న డిస్పోజబుల్ దొడ్డిదారిన వచ్చిందే అయ్యుండాలి. దాని ప్లాస్టిక్ ఏదో, పూత ఏదో చెప్పే బాధ్యత ఎవరి మీదా లేదు. నకిలీదైతే పెట్టె మీద అక్షరాలకూ విలువ లేదు. నిషేధం ప్రజారోగ్యానికి మేలా కీడా అన్నది వేరే చర్చ. పెదవి మంటతో వచ్చిన ఒక మనిషి విషయంలో మాత్రం అది రెండు విధాల అడ్డం పడుతుంది: వస్తువు గురించి సమాచారం ఉండదు, వాడుతున్నానని డాక్టర్‌కు చెప్పడానికి మనిషి జంకుతాడు. చెప్పకపోతే లిప్ బామ్ మార్చండి, విటమిన్ వేసుకోండి అన్న చీటీతో బయటికి రావడమే. బ్రిటన్, ఆస్ట్రేలియా చదువులకు వెళ్లిన తెలుగు పిల్లలకు ఆ జంకు ఉండక్కర్లేదు. అక్కడ బ్రిటన్‌లో డిస్పోజబుల్స్ అమ్మకం 2025 జూన్ 1 నుంచి ఆగింది, ఆస్ట్రేలియాలో 2024 జులై నుంచి వేప్‌లు ఫార్మసీల్లో మాత్రమే అమ్మాలి. వాళ్లలో కూడా ఇంట్లో తెలుస్తుందన్న టెన్షన్‌తో డాక్టర్ దగ్గర దాచేవాళ్లు ఉండరని చెప్పలేం.

తేల్చుకోవాలనుకున్నవాళ్లకు దారి ప్యాచ్ టెస్ట్. అనుమానం ఉన్న పదార్థాలను చిన్న చిన్న గిన్నెల్లాంటి పట్టీల్లో పెట్టి వీపుకు అంటిస్తారు. 48 గంటలకు తీసి చూస్తారు, 96 గంటలకు మళ్లీ చూస్తారు. ఆఖరిసారి చూసేవరకు వీపు తడవకూడదు. మన దేశంలో వాడే ప్రామాణిక సిరీస్‌లో నికెల్, ఎపాక్సీ, ఫార్మాల్డిహైడ్, సువాసన మిశ్రమం ఉంటాయి. మన పొలం గట్ల మీది వయ్యారిభామ కూడా ఉంటుంది. మెథాక్రిలేట్లు, ప్రొపిలీన్ గ్లైకాల్ లాంటివి ఆ సిరీస్‌లో ఉన్నాయో లేదో అడిగి, లేకపోతే విడిగా పెట్టించుకోవాలి. వాడుతున్న టిప్, లిక్విడ్ సీసా, లిప్ బామ్ వెంట తీసుకెళ్తే పని సగం అయినట్టే. అయితే లిక్విడ్‌ను నేరుగా వీపు మీద పెట్టమని అడగకూడదు. ఎంత పలచన చేయాలో డాక్టరే నిర్ణయించాలి. స్టెరాయిడ్ మాత్రలు వాడుతుంటే ఫలితం తప్పుగా నెగటివ్ రావచ్చు కాబట్టి అది కూడా ముందే చెప్పాలి. పాజిటివ్ వచ్చినంత మాత్రాన పెదవి మంటకు అదే కారణమని తేలినట్టు కాదు. నికెల్ పాజిటివ్ ఉన్న మనిషి మౌత్‌పీస్ గాజుదైతే మంటకు వేరే మూలం వెతకాల్సిందే.

రెండు వారాలు దాటినా మానని పుండు, తుడిస్తే పోని తెల్లమచ్చ, గట్టిగా తగిలే గడ్డ కనిపిస్తే టిప్‌లు మార్చి చూసే ప్రయోగాలు అక్కడితో ఆపాలి. వాటికి కావలసింది దంత వైద్యుడో, నోటి సర్జనో చేసే పరీక్ష, అవసరమైతే చిన్న ముక్క తీసి చూడటం.

నికెల్ పడదని తేలి గాజు టిప్ పెట్టుకున్నవాళ్లకు ఇంకో విషయం ఉంది. 2018లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు బాల్టిమోర్ ప్రాంతంలో 56 మంది రోజువారీ వాడకందారుల పరికరాలు తీసుకుని, సీసాలోని లిక్విడ్‌లో, ట్యాంకులో మిగిలిన దానిలో, ఆవిరిలో లోహాలను కొలిచారు. సీసాలో తక్కువగా ఉన్న నికెల్, క్రోమియం, సీసం కాయిల్‌ను తాకాక బాగా పెరిగాయి. నైక్రోమ్ అని పిలిచే ఒక రకం కాయిల్ తీగలో 80 శాతం నికెలే. గాజు టిప్ పెదవి మీది దద్దును తగ్గించగలదు. ఆవిరితో లోపలికి వెళ్లే నికెల్‌ను మాత్రం ఏ టిప్పూ ఆపలేదు.